అన్నీ నాయనవే

"వీటిలో మీ నాన్నగారి దగ్గర నేర్చుకున్నవేవి, మీరు సొంతంగా గీసినవేవి?" అని డాక్టర్ సుదక్షిణ అడిగినప్పుడు మునికుమారికి నవ్వొచ్చింది.

పొడుగాటి బల్ల మీద నలభై ఎనిమిది గుడ్డముక్కలు పరిచి ఉన్నాయి. మూడు రోజులుగా తిరుపతిలోని ఆ ప్రయోగశాలలో, తలకి తీగల టోపీ పెట్టుకుని కూర్చుని ఆమె గీసినవే అన్నీ. తామరలు, చిలకలు, ఏనుగులు, తోరణాలు, నిలబడ్డ ఆడవాళ్ళు, కూర్చున్న ఆడవాళ్ళు, మెడ వెనక్కి తిప్పి తోక చూసుకునే హంసల బారు. ఆమె కలం కదిలినప్పుడల్లా పక్కనున్న తెర మీద, మెదడు బొమ్మలో ఒక సన్నటి దారి పసుపుపచ్చగా వెలిగేది. ఏ బొమ్మకి ఏ దారి వెలిగిందో యంత్రం రాసుకునేది.

"సొంతంగా ఏముంటాది డాక్టరమ్మా! అన్నీ నాయనవే."

"అన్నీనా? ఒకటో రెండో మీ ఊహలోంచి వచ్చినవి ఉండవా?"

"నా ఊహ మాత్రం యాడిది? అదీ నాయన పెట్టిందే."

గొప్పకి అన్న మాట కాదు, వినయానికి అన్న మాటా కాదు. శ్రీకాళహస్తిలో వాళ్ళ కలంకారీ పనిశాల పద్ధతే అది. గురువు ఉన్న చోట శిష్యులు ఏ కొత్త పువ్వు గీసినా అది గురువు పువ్వే. గుడ్డ మూల ఆయన పేరే పడుతుంది. ఇది నాదని ఎవరైనా అంటే పక్కవాళ్ళు తల వంచుకుని నవ్వుకుంటారు. ఆమె నాయన గురవప్ప బతికున్నన్నాళ్ళూ అలాగే జరిగింది. ఆయన పోయి ఆరేళ్ళయినా అలాగే జరుగుతోంది.

డాక్టర్ మరోసారి అడగలేదు. కాగితం మీద నలభై ఎనిమిది గళ్ళలోనూ 'నేర్చుకున్నది' అని టిక్కు పెట్టుకుంటూ పోయింది.

మునికుమారి అక్కడికి రావడానికి కారణం ఒక ప్రశ్న. కిందటేడు హైదరాబాదులో కలంకారీ ప్రదర్శన పెట్టినప్పుడు ఒక పెద్దావిడ వచ్చి, గుడ్డని వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది. "అచ్చం గురవప్పగారి పనే. ఆ హంసలు చూస్తేనే తెలుస్తుంది. బాగుందమ్మా," అని మెచ్చుకుని, "మరి మీరేం గీస్తారు?" అంది. వెటకారం లేకుండా, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. మునికుమారి గుడ్డ మడత పెట్టింది. ఆ ప్రశ్న గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. దాన్ని పట్టుకుని వెనక్కి చూసుకుంటే ఇంకోటి తెలిసింది. కలం నడుస్తున్నంతసేపూ ఆమె వంకాయలు తరగాలా, బెండకాయలు తరగాలా అని ఆలోచించుకోగలదు. చేతి దారి చేతిది. ఏనుగుకి కన్ను పెట్టేటప్పుడు ఒంట్లో ఏదో ఝల్లుమనేదని చిన్నప్పటి జ్ఞాపకం. అలా అనిపించి ఎన్నేళ్ళయిందో లెక్కలేదు.

అప్పుడే పేపర్లో సుదక్షిణ టోపీ సంగతి చదివింది. పక్షవాతం వచ్చి తగ్గినవాళ్ళలో కొందరి చెయ్యి వంకర కదలికకి అలవాటు పడిపోతుంది. ఆ టోపీ ఆ అలవాటు దారిని వెతికి పట్టుకుని అయస్కాంతంతో నిద్రపుచ్చుతుంది. అప్పుడు చెయ్యి తిన్నగా కదలడం మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటుంది. జబ్బులేని కళాకారుల మీద కూడా ప్రయత్నించాలని డాక్టర్ ఆశ.

"అరువు తెచ్చుకున్నదంతా పక్కకి జరిపితే మిగిలేది మీదే కదండీ," అంది ఆమె మొదటిరోజే.

"ఏమీ మిగలకపోతేనో?" అన్నాడు దొరస్వామి. ఆయన మునికుమారికి మేనత్త కొడుకు, మొగుడు కూడా. పదేళ్ళప్పటినుంచి గురవప్ప దగ్గరే రంగులు కాచి పెరిగినవాడు. ఇప్పుడు పనిశాలకి రంగులూ ఆయనే, బేరాలూ ఆయనే.

"ఏమీ మిగలకపోవడమంటూ ఉండదు. ఒకవేళ నచ్చకపోతే నలభై రోజుల్లోపు ఇదే టోపీతో మేలుకొలుపుతాం. నలభై దాటితే మాత్రం ఆ దారులు మూసుకుపోతాయి."

"ఈమె నోటిని కూడా నిద్రపుచ్చే టోపీ ఏమైనా ఉండాదా డాక్టరమ్మా?"

"ముందు నీ గురకకి ఒకటి చేయించుకో బావా," అంది మునికుమారి. ముగ్గురూ నవ్వారు. సంతకాలు అయిపోయాయి.

*

టోపీతో ఆ నలభై ఎనిమిది దారుల్నీ నిద్రపుచ్చిన మర్నాడు పొద్దున వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పిండి వేళ్ళ మధ్య తీసుకుని వంగింది మునికుమారి. పిండి ముద్దగా రాలి పడింది. రెండోసారి ఒక గీత వచ్చింది గానీ, అది ఎక్కడికి పోవాలో తెలియక మధ్యలో నిలిచిపోయింది. ఇంటరు చదివే కూతురు కావేరి మెట్టు మీద కూర్చుని చూస్తోంది.

"ఏందిమా ఇది? కోడి కెలికినట్టుండాది."

"నువ్వు పెట్టు," అని పిండి డబ్బా ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

పనిశాలలో కరక్కాయ, బర్రెపాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ ఆమె కోసం సిద్ధంగా ఉంది. బెల్లమూ తుప్పు ఇనుమూ కలిపి వారాల తరబడి నానబెట్టిన నల్ల సిరా ముంత పక్కనే ఉంది. కలం తీసుకుంది. వెదురుపుల్లకి ఉన్ని చుట్టి దారంతో బిగించిన ఆ కలాన్ని ముప్పైఐదేళ్ళుగా పట్టుకున్న చెయ్యి, కొత్తగా గరిటె పట్టుకున్న పిల్లలా పట్టుకుంది. ఉన్నిని ఎంత నొక్కితే ఎంత సిరా దిగుతుందో వేళ్ళకి తెలియలేదు. గుడ్డ మీద ఉసిరికాయంత మరక పడింది. గాలి తగిలి చూస్తుండగానే నల్లబడింది.

భయం వేస్తుందేమో అని ఎదురు చూసింది. వేయలేదు. ఏడుపు రాలేదు. సంతోషం సంగతి సరేసరి. ఎవరి గుడ్డ మీదో ఎవరో మరక చేసినట్టుంది.

రోజూ పొద్దున తొమ్మిదికి కొత్త గుడ్డ ముందు కూర్చునేది. ఒంటిగంటకి లేచేది. గుడ్డ మీద నాలుగు చుక్కలో, దారి తప్పిన ఒక గీతో ఉండేది. పటాలకి గీతలు గీసే పని రెడ్డెమ్మ చేతికి వెళ్ళింది. ముప్పైఐదేళ్ళ మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి. పదిహేనేళ్ళుగా మునికుమారి దగ్గర నేర్చుకుంటోంది. గలగలా మాట్లాడుతూ గీస్తుంది. తక్కినవాళ్ళు రంగులు నింపుతారు.

ఇంట్లో ఆమె అన్ని పనులూ చేస్తూనే ఉంది. పాలు పొంగితే పొయ్యి కట్టేసింది గానీ అయ్యో అనిపించలేదు. పులుసులో రెండుసార్లు ఉప్పు వేసి, అదే పులుసు అన్నంలో కలుపుకుని తినేసింది. కావేరి పరుగున వచ్చి ఫిజిక్సులో క్లాసు ఫస్టు వచ్చానంటే, "మంచిది," అంది. ఇంకేమైనా అంటుందేమోనని ఆ పిల్ల కాసేపు తలుపు పట్టుకుని నిలబడి, వెళ్ళిపోయింది. ఆ పిల్ల మొహం చిన్నబోవడం మునికుమారి చూసింది. చూసినట్టు గుర్తుంది.

ఆదివారం ఆదివారం డాక్టర్ సుదక్షిణ నోటుపుస్తకం పట్టుకుని వచ్చేది.

"ఏమనిపిస్తోందండీ?"

"ఏమీ అనిపించడంల్యా."

"కొత్త రూపమేదైనా మనసులో..."

"ల్యా."

"దిగులుగా ఉందా?"

మునికుమారి కాసేపు వెతుక్కుంది. "ఉంటే బాగుండు," అంది.

మూడో ఆదివారం డాక్టర్ రాసుకోవడం ఆపేసింది. పుస్తకం మూసి, తాగని కాఫీ పక్కన పెట్టింది. "పొరపాటు చేశానండీ," అంది. "చెయ్యి నేర్చిన దారి వేరు, మనసుకి నచ్చే దారి వేరు అనుకున్నాను. రెండూ ఒకే తీగలో పోతున్నట్టున్నాయి. ఒకటి పడుకుంటే రెండోదీ పడుకుంది."

దొరస్వామి అరుగు మీదనుంచే అందుకున్నాడు. "ఎలకల మింద చేసి చూసుకోవాల్సింది ముందు."

"ఎలకలు బొమ్మలు గీయవు కదండీ," అందామె. తన మాట తనకే బాగా లేనట్టు తల దించుకుంది.

*

ఇరవైఆరో రోజున రెడ్డెమ్మకి హంసల మాదిరి కావలసి వచ్చింది. అంచు పొడుగునా హంసల బారు అడిగారు ఎవరో. దొరస్వామి ఇనప్పెట్టె తెరిచి పాత గుడ్డలన్నీ తీశాడు. అడుగున ఎక్కడో చేతిరుమాలంత గుడ్డ ఒకటి దొరికింది. అంచులు చివికిపోయాయి. దాని మీద మూడు హంసలు, మూడూ మెడ వెనక్కి తిప్పి ఉన్నాయి. మూడో దానికి మెడ మరీ పొడుగై పాములా ఉంది.

"ఇదిగో, అన్నిటికీ అమ్మ ఇదే," అన్నాడు దొరస్వామి మురిపెంగా. "నీకు పదేళ్ళో పదకొండేళ్ళో. పావడా కట్టుకుని ఈ పనిశాల గట్టు మింద కూచోని గీసినావు. చెరువుకాడ ఒక బాతు ఇట్టా వీపు గోక్కుంటా ఉంటే చూసొచ్చినావు. గురవప్ప మామ ఎంతసేపు చూసినాడో! మర్నాడు ఆయన పటం అంచులో పెట్టుకున్నాడు."

రెడ్డెమ్మ చేతిలో బొగ్గు ఆగిపోయింది. "ఏంది బావా, గురవప్ప హంస అని ఊరూరా చెప్పుకునేది అక్క గీసిందా?"

"కాక? ఆ హంసా, చెట్టు మొదట్లో పడుకున్న దూడా, గొడుగు పట్టుకున్న ఆడోళ్ళ నడుమూ... శానా ఉండాయి. మామకి తెలుసు, నాకు తెలుసు."

మునికుమారి ఆ గుడ్డని చేతిలోకి తీసుకుంది. చెరువు, బాతు, పావడా గుర్తున్నాయి. హంసల్ని తను గీసినట్టు మాత్రం ఏమూలా అనిపించలేదు.

"ఇన్నేళ్ళూ ఒక్కసారైనా చెప్పలేదే బావా?"

"నువ్వు అడిగితే గదా! పనిశాలలో ఇది నీది, ఇది నాది అని ఎవురంటారు? నీకు తెల్దని నాకేం తెలుసు?" దొరస్వామి నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగాడు. అప్పుడు ఆయనకి ఆ కాగితం గుర్తొచ్చింది. నలభై ఎనిమిది గళ్ళు, నలభై ఎనిమిది టిక్కులు. "అయ్యో," అని గట్టు మీద కూలబడ్డాడు. "హంసలు కూడా ఇచ్చేసినావా మే?"

"అన్నీ నాయనవే అని చెప్పినా."

ఫోను చేస్తే డాక్టర్ ఆ మధ్యాహ్నమే వచ్చింది. చిన్న గుడ్డని చూసింది. తన సంచిలోంచి టాబ్లెట్ తీసి, యంత్రం రాసుకున్న గ్రాఫులు వెతికింది. ఒక్కోదాన్నీ వేలితో పెద్దది చేసి చూసింది.

"పదకొండు బొమ్మల దగ్గర వెలుగు వేరే చోటునుంచి మొదలైంది. యంత్రం చూపించింది. మీరు అన్నీ నేర్చుకున్నవే అన్నారు కదా, యంత్రం తప్పేమోనని నేనే దిద్దేశాను." చిన్న గుడ్డని మడిచి ఇచ్చేసింది. "మీ మాట నమ్మాను. మీ చెయ్యి చెప్పింది నమ్మలేదు."

"ఆ పదకొండూ మళ్ళీ వేరు చేసి లేపరాదా?" అన్నాడు దొరస్వామి.

"కుదరదండీ. కలిసి నిద్రపోయాయి, కలిసే లేవాలి. టోపీని మళ్ళీ సిద్ధం చేయడానికి రెండు వారాలు పడుతుంది. సరిగ్గా నలభయ్యో రోజు, శుక్రవారం. తొమ్మిదికి కారు పంపుతాను. టోపీ పెడితే ఆమె మళ్ళీ మునుపటిలా అయిపోతారు. అదే చెయ్యి, అదే గీత. మునుపు నచ్చినవన్నీ మళ్ళీ నచ్చుతాయి. ఆ రోజు దాటనివ్వకండి."

"సరే," అంది మునికుమారి. తన జన్మలో తను గీసినవన్నీ పోయాయని తెలిసిన రోజు అది. ఆమె లేచి వెళ్ళి బియ్యం కడిగింది.

*

శుక్రవారం ఎనిమిదిన్నరకే ఆమె తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, పనిశాలలో గట్టు మీద కూర్చుంది. దొరస్వామి నాలుగుసార్లు వీధిలోకి వెళ్ళి చూసి వచ్చాడు. కావేరి కాలేజీకి పోనని మొండికేసి తలుపు దగ్గర నిలబడింది.

రెడ్డెమ్మ చెన్నై వాళ్ళడిగిన పెద్ద పటానికి గీతలు వేస్తోంది. చెట్టు కింద కూర్చుని ఎవరికోసమో ఎదురుచూసే ఆడమనిషి. పనిశాలలో వందలసార్లు గీసిన బొమ్మే. వీపు నిటారుగా, గడ్డం పైకెత్తి, ఒక మోకాలు మడిచి, వేళ్ళ మధ్య తామరమొగ్గ పట్టుకుని ఉంటుంది. రెడ్డెమ్మ ముందు చింతపుల్ల బొగ్గుతో రూపం వేసుకుంటూ, తన అత్తగారు చింతపండు దాచుకునే విధానం గురించి చెప్తోంది.

"డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని బియ్యంలో పెట్టి, ఆ బియ్యం మింద చీర కప్పతాదక్కా. బంగారానికి కూడా అంత జాగర్త..."

"ఇట్టా కూచోదు," అంది మునికుమారి.

"మా అత్తా?"

"ఈమె."

రెడ్డెమ్మ బొగ్గు ఎత్తి బొమ్మకేసి చూసింది, మునికుమారికేసి చూసింది. "నువ్వు నేర్పించిందే గదక్కా. ఈపు కొయ్యలాగుండాల, ఎదురుచూసే ఆడది రాణి మాదిరి ఉండాల అని నువ్వే గదా, స్కేలుతో నా ఈపు మింద కొట్టి మరీ చెప్పినావు!"

"చెప్పినా. తప్పు చెప్పినా."

"మరెట్టా కూచుంటాది?"

"నాకు తెల్దు. ఇట్టా మాత్రం కూచోదు."

మాట కటువుగా వచ్చింది. మునికుమారి తన గొంతుకి తనే ఉలిక్కిపడింది. కాలికెక్కిన తిమ్మిరి వదిలేటప్పుడు ముందు సూదులు గుచ్చుకున్నట్టు, చిరాకు మొదలైంది. ఆ నిటారు వీపు చూస్తుంటే ఒళ్ళు మండింది. ఎన్ని రోజులు కూర్చుందని ఆమె? ఆ వీపుకి అంత ఓపిక ఎక్కడిది? ఆ తామరమొగ్గ ఎవరిచ్చారు?

లేచి ఒక ఖాళీ గుడ్డ పరుచుకుంది. బొగ్గు తీసుకుంది. చెయ్యి ఏమీ సాయం చేయలేదు. గీత వణికింది, ఆగింది, అడ్డంగా పోయింది. గుడ్డ దులిపింది. బొగ్గు రాలిపోయాక మళ్ళీ గీసింది. వంగిన వీపు వచ్చింది గానీ అది ఏడుస్తున్న వీపు. అదీ కాదు. ఏడుపు వస్తే ఇంత బాధెందుకు! దులిపింది. మూడోసారి వీపు కొంచెం పక్కకి ఒరిగింది. ఎవరో మడిచి పెట్టి మరిచిపోయిన దుప్పటిలా. రెండు చేతులూ ఒళ్ళో పడి ఉన్నాయి, వేరేవాళ్ళ చేతుల్లా. గీత వికారంగా ఉంది. కలం పట్టిన మూడో నెలలో పిల్లలు కూడా ఇంతకంటే బాగా గీస్తారు.

"కారొచ్చింది మే," అంటూ దొరస్వామి లోపలికొచ్చాడు. గుడ్డ చూసి ఆగిపోయాడు. "ఎవురీమె? బస్సు తప్పిపోయినట్టుండాది."

"తప్పిపోలా. బస్సొచ్చినా ఎక్కాలని లేదు ఈమెకి."

కావేరి దగ్గరికొచ్చి తల్లి భుజం మీదుగా తొంగి చూసింది.  తల్లి చీర కొంగు చివర పట్టుకుంది.

"లెయ్ మరి. టోపీ పెట్టుకునొచ్చినాక తీరిగ్గా గీద్దువు."

"టోపీ పెట్టుకుంటే రెడ్డెమ్మ గీసింది నాకు మళ్ళీ నచ్చుతాది బావా."

"నచ్చితే మంచిదే గదా?"

ఆమె బొగ్గు కింద పెట్టలేదు. దొరస్వామి గట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. రెడ్డెమ్మ పటాన్ని చూశాడు, ఈ గుడ్డని చూశాడు. రంగులు కాచీ కాచీ ఎర్రబడిన వేళ్ళు ఒకదాంతో ఒకటి రుద్దుకున్నాడు.

"ఈ రోజు దాటితే ఇంక అయిపోయినట్టే. హంసలు కూడా రావు. నీవి, మే. నీ చేత్తో పుట్టినవి."

"రెడ్డెమ్మ చేతిలో ఉండాయి గదా."

"వాటి మింద మామ పేరుండాది."

"ఉండనీ."

దానికి దుఃఖం రావాలి. వస్తుందేమోనని మునికుమారి ఒక్క క్షణం ఆగి చూసింది. ఇంకా రాలేదు. చిరాకు మాత్రం పోకుండా అక్కడే ఉంది, గోరుచుట్టులా సలుపుతూ. బయట డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరూ కదలలేదు. రెండోసారి కొట్టాడు.

"ఏమని చెప్పేది ఆ డాక్టరమ్మకి?" అన్నాడు దొరస్వామి. 

"రానని చెప్పు. వచ్చే ఆదివారం తనని రమ్మను. పుస్తకం తెచ్చుకోమను."

ఆయన తలుపు దగ్గర చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

"అక్కా, చెన్నై వాళ్ళు దీన్ని ఒప్పుకోరు," అంది రెడ్డెమ్మ మెల్లగా.

"వాళ్ళకి నీ రాణిని ఇయ్యి. ఇది వేరే గుడ్డ."

ఆమె గుడ్డ పక్కన నేల మీద చతికిలబడింది. ఈ నలభై రోజులూ ఎలా కూర్చుందో అలాగే కూర్చుని, ఒంటిని దాని ఇష్టానికి వదిలేసి, తన కాళ్ళకేసి చూసుకుంది. ఒక పాదం నేల మీద లేదు. రెండో పాదం మీదికెక్కి, వేళ్ళు ముడుచుకుని ఉంది. చలికి ముడుచుకున్నట్టు. అటువంటి పాదం ఏ పటంలోనూ లేదు. ఎవరూ ఆమెకి నేర్పలేదు.

చూస్తూనే బొగ్గుతో వేసింది. పాదం పాదంలా రాలేదు, కందగడ్డలా వచ్చింది. వీధిలో కారు వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్న చప్పుడు వినిపించింది. గుడ్డ దులిపి మళ్ళీ వేసింది. ఈసారి మడమ కుదిరింది. బొటనవేలు కుదరలేదు. మళ్ళీ దులిపింది.